వాన రాకముందే ఇంటికో సంచి

తిరుపతి, చిత్తూరు జిల్లాల సంక్షేమ పథకాల లబ్ధిదారుల కోసం. అవగాహన సమావేశంలో మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్లు ఫోనులో చదువుకోవడానికి, చదవడం రాని పెద్దవాళ్లకు పిల్లలు చదివి వినిపించడానికి ఇలా పంపుతున్నాం.



సచివాలయం నుంచి పిలుపొచ్చిందంటే పింఛను గురించో రేషన్ కార్డు గురించో చెప్తారని వచ్చుంటారు. వాటి గురించే చెప్తాను, కాకపోతే కొంచెం వేరే దారిలో. మీ పింఛను, మీ బియ్యం, మీ ఆసుపత్రి ఖర్చు, ఇవన్నీ ఇంట్లో ఉన్న నాలుగు కాగితాల మీద, ఒక ఫోను నంబరు మీద నిలబడి ఉన్నాయి. ఒక్క రాత్రి ఇంట్లోకి నీళ్లొస్తే ఆ కాగితాలూ పోతాయి, ఫోనూ పోతుంది. అందుకని ఈరోజు ఒక సంచి గురించి మాట్లాడుకుందాం.

తుపాను మనకెందుకు వస్తుందిలే

"వానకు మనం భయపడేదేంది సామీ, వాన రాక కదా మనం చచ్చేది" అన్నాడు మొన్న ఒక పెద్దాయన. ఆయన మాటలో తప్పు లేదు. వెయ్యడుగులు బోరు వేసినా చుక్క పడని ఊళ్లు మనవి. మోడం పట్టిందంటే మనకు పండగ. తుపాను అంటే కోస్తావాళ్ల గొడవ అనుకుంటూనే పెరిగాం.

కానీ మన వానల లెక్క వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. సముద్రంలో వాయుగుండం పుట్టి చెన్నై చుట్టుపక్కల ఎక్కడ తీరం దాటినా ఆ మేఘాలు వచ్చి మన శేషాచలం కొండలకు గుద్దుకుంటాయి. కొండ మీద పడిన నీళ్లు గంటల్లో కిందికి దిగుతాయి. ఏడాదంతా ఇసుక తప్ప ఏమీ కనిపించని స్వర్ణముఖి, చిత్తూరులో నీవా, ఆ రోజు మాత్రం నిజంగా నదులవుతాయి. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక సూళ్లూరుపేట, నాయుడుపేట, తడ కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. అంటే ఇప్పుడు సముద్రం కూడా మనదే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దాటక ముందు మన తూర్పు మండలాలను ముంచిపోయింది.

2021 నవంబరు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 18వ తేదీన తిరుమల కొండ మీద, తిరుపతి ఊళ్లో కురిసిన వానకు కపిలతీర్థం జలపాతం ఎర్రటి నీళ్లతో విరుచుకుపడింది. ఘాట్ రోడ్లు, నడకదారి మూసేశారు. లక్ష్మీపురం సర్కిల్, ఆటోనగర్ వైపు వీధుల్లో కార్లు తేలాయి. స్వర్ణముఖి ఒడ్డున కట్టిన ఇళ్లు నదిలోకి ఒరిగిపోయాయి. మరుసటి రోజు, 19న తెల్లవారుజామున, రాజంపేట దగ్గర చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఆ చెయ్యేటిలో కలిసే బాహుదా అప్పటి మన పడమటి మండలాల నీళ్లే. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్లు నిమిషాల్లో మునిగాయి. పదుల మంది చనిపోయారు. ఆ తర్వాత రెండు రోజులకు, 21న, రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు కనిపించింది. కింద ఉన్న ఊళ్లన్నిటినీ ఖాళీ చేయించారు. ఇసుక మూటలు వేసి కట్టను నిలబెట్టారు, చెరువు తెగలేదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రాయలచెరువు కింద ఊళ్లవాళ్లకు కొన్ని గంటలు దొరికాయి. చెయ్యేటి ఒడ్డు ఊళ్లకు నిమిషాలే దొరికాయి. మనకు ఏది దొరుకుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. గంటలు దొరికితే సంచి భుజాన వేసుకుని, పశువులను విప్పి, తాళం వేసి నిమ్మళంగా పోవచ్చు. నిమిషాలే ఉంటే సంచి చేతికి అందితే తీసుకోండి, అందకపోతే వదిలేసి మిద్దె ఎక్కండి. సంచి కోసం వెనక్కి పోవద్దు. సంచి గురించి చెప్పడానికి వచ్చిన నేనే ఈ మాట చెప్తున్నాను.

మా ఇంట్లో జరిగింది చెప్తాను, నవ్వుకోండి పర్వాలేదు. ఆ 18 రాత్రి మా వీధిలోకి నీళ్లొచ్చాయి. కరెంటు పోయింది. పదండి పదండి అని బయట అరుపులు. ఆధార్ కార్డులు యాడ పెట్టినామో గుర్తు రాలేదు. బీరువా కింది అరలో పట్టుచీరల అడుగున అని మా ఆవిడ, కాదు టీవీ వెనక అని నేను. అరగంట వెతికాం. ఆ అరగంటలో నీళ్లు చీలమండ దగ్గర నుంచి మోకాలి దాకా వచ్చాయి. ఆఖరికి అమ్మను ఎత్తుకుని పక్కింటి మిద్దె మీదికి చేరాక నా చేతిలో ఏముందా అని చూసుకుంటే టీవీ రిమోట్. అమ్మ బీపీ మాత్రలు కింద ఉండిపోయాయి. రెండు రోజులు ఆమెకు మాత్రలు లేవు. అదృష్టం, ఏమీ కాలేదు. కాగితాలు బీరువా కింది అరలోనే ఉన్నాయి, మా ఆవిడ మాటే నిజం. బురదలో ముద్దయిపోయాయి.

ఏ సంచి, ఎక్కడ

కొత్తది కొనక్కర్లేదు. పిల్లలు వాడి పక్కన పడేసిన స్కూలు బ్యాగు చాలు. భుజాలకు తగిలించుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఒక చేత్తో బిడ్డను, ఇంకో చేత్తో తాడునో గోడనో పట్టుకోవచ్చు. సూట్‌కేసు, ట్రంకు పెట్టె, బిందె వద్దు. నీళ్లలో నడిచేటప్పుడు చేతిలో బరువు ఉంటే మనిషి తూలిపోతాడు.

దాన్ని వాకిలి పక్క గోడకు, తలకంటే ఎత్తులో, గట్టి మేకుకు తగిలించండి. మంచం కింద పెట్టకండి, నీళ్లు ముందు వచ్చేది అక్కడికే. అటక మీద కూడా వద్దు, చీకట్లో నిచ్చెన ఎవరు వెతుకుతారు? ఇంట్లో అందరికీ, ఏడేళ్ల పిల్లకు కూడా, అది యాడ ఉందో తెలియాలి.

కాగితాలు

మొదటి చోటు వీటికే. అన్నంకంటే ముందా అని అడుగుతారేమో. అన్నం ఎవరైనా పెడతారు. 2021లో ముంపు కుటుంబాలకు ప్రభుత్వం 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు, 2,000 రూపాయలు ఇచ్చింది. ఆ సాయం పంచేటప్పుడు వరసలో మీ వంతు వచ్చాక, మీ పేరు మీద మీదే అని చూపడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. లేకపోతే పక్కింటివాళ్లు సాక్ష్యం చెప్పేదాకా నిలబడాలి.

చీరల షాపులో ఇచ్చే జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవరు తీసుకోండి. దాన్ని ఇంకో కవరులో పెట్టండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, పింఛను ఐడీ, వైకల్య ధ్రువపత్రం ఉంటే అది, ఆసుపత్రి చీటీలు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పట్టా. వీటిలో రోజూ అవసరం లేని అసలు కాగితాలు ఏడాదంతా కవరులోనే ఉంచండి. రోజూ వాడేవాటికి జిరాక్సు పెట్టండి, వాన మొదలవ్వగానే అసలు కూడా అందులో వేసేయండి. పాత దస్తావేజులకు లామినేషన్ చేయించొద్దు. ఒకసారి వేడికి అతుక్కున్నది మళ్లీ ఊడదు. రిజిస్టరైన దస్తావేజు పోయినా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది, కాబట్టి దాని నంబరు, సంవత్సరం ఒక చీటీ మీద రాసుకుంటే సగం భయం తీరినట్టే.

బంగారం తాకట్టు పెట్టిన రసీదు. దీన్ని అందరూ మర్చిపోతారు. నగ బ్యాంకులో భద్రంగానే ఉంటుంది, రసీదు మాత్రం ఇంట్లో పోపుల డబ్బాలో ఉంటుంది. అది కూడా కవరులోకి రావాలి. డ్వాక్రా సంఘం లీడర్లు మీ ఇంట్లో సంఘం పుస్తకాలు ఉంటాయి, అవి పది మంది లెక్క. నెలకోసారి ఆ పేజీలు ఫోటో తీసి గ్రూపులో పెట్టేయండి.

ఇక ఫోను నంబరు సంగతి. ఆధార్ కార్డు నీళ్లలో పోయినా భయం లేదు, నంబరు కొట్టి, ఫోనుకు వచ్చే ఓటీపీ చెప్తే మళ్లీ డౌన్‌లోడ్ అవుతుంది. కానీ ఆ ఓటీపీ వచ్చే సిమ్ము ఎవరి దగ్గర ఉంది? చాలామంది అవ్వలకు ఆధార్‌లో ఉన్నది ఎప్పుడో బెంగళూరు పోయిన మనవడి పాత నంబరు. అది రీచార్జి లేక చచ్చిపోయి రెండేళ్లయి ఉంటుంది. ఈ పని మాత్రం వాన కోసం ఆగకండి. ఈ వారమే ఆధార్ కేంద్రానికి పోయి ఇప్పుడు పని చేస్తున్న నంబరు ఎక్కించుకోండి. చదువుకున్న పిల్లలుంటే డిజిలాకర్‌లో మీ కార్డులు వేయించండి. అందులో ఉన్నదానికి అసలు కాగితంతో సమానంగా విలువ ఉంది. మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009 కూడా ఫోనులో దాచుకోండి, కొన్ని ధ్రువపత్రాలకు మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

పింఛనుదారులకు ఒక మాట. ఎన్టీఆర్ భరోసా పింఛను, వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, నెల మొదట్లో ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. వరద వచ్చి మీరు కూతురింటికి పోయుంటే మీ సచివాలయం ఉద్యోగికి ఫోను చేసి చెప్పండి. వరసగా రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో మొత్తం కలిపి తీసుకునే వీలుంది. అందుకని పింఛను పోతుందేమో అని నీళ్ల మధ్య ఇంట్లో కూర్చోవద్దు. బియ్యం కూడా అంతే. ఒకే దేశం ఒకే రేషన్ పద్ధతిలో మీ కార్డు మీద వేరే ఊరి చౌకదుకాణంలో కూడా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. చెన్నైలో ఉన్న కొడుకు దగ్గరికి పోయినా పనికొస్తుంది.

మాత్రలు

బీపీ, షుగరు, మూర్ఛ, ఆస్తమా, గుండె మందులు వాడేవాళ్లు కనీసం ఏడు రోజులకు సరిపడా సంచిలో పెట్టుకోండి. మాత్రలను విడిగా డబ్బాలో పోయకండి. స్ట్రిప్పుతో పాటే ఉంచండి. పేరు కనపడితే ఏ ఊరి డాక్టరైనా అదే రాసిస్తాడు. "తెల్ల మాత్ర, పొద్దున ఒకటి" అంటే ఆయనేం చేస్తాడు? పీహెచ్‌సీలో నెలకు సరిపడా ఇస్తారు కదా, కొత్తవి తెచ్చిన రోజు సంచిలో ఉన్నవి ఇంట్లో వాడి, కొత్తవి సంచిలో వేయండి. అప్పుడు ఎన్నడూ గడువు దాటదు.

ఇన్సులిన్ వాళ్లకు కరెంటు పోయిందని కంగారు వద్దు. వాడకం మొదలుపెట్టిన సీసా ఎండ తగలకుండా చల్లటి చోట ఉంటే సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. ఫ్రిజ్ లేకపోతే చిన్న మట్టికుండ, చుట్టూ తడిగుడ్డ, లోపల కవరులో సీసా. మన అవ్వలు మజ్జిగ చల్లగా పెట్టుకున్న పద్ధతే. ఐసు గడ్డల మీద నేరుగా పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు. ఆశా కార్యకర్తను అడిగితే ఇస్తారు. అవి అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం, అందుకని ఆ చెంచా కూడా సంచిలోనే వేయండి. వరద తర్వాత మనుషులను పడగొట్టేది ఎక్కువగా విరేచనాలే.

నీళ్లు, తిండి

మనిషికి రోజుకు తాగడానికి, కాస్త వంటకు మూడు లీటర్లు అనుకోండి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 36 లీటర్లు. అంత బరువు ఎవరూ మోయలేరు. అందుకే దీన్ని రెండుగా చూడాలి. సంచిలో మనిషికో లీటరు బాటిల్. ఇంట్లో, మిద్దె మీదనో ఎత్తయిన బల్ల మీదనో, ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్లు రెండు. తిరుపతిలో ఈ క్యాన్లు లేని ఇల్లు లేదు, కాకపోతే ఒకటి అయిపోయాకే ఇంకొకటి తెప్పిస్తాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడూ ఒక నిండు క్యాను అదనంగా ఉంచుకోండి. నీళ్లు చుట్టుముట్టి ఇంటి పైఅంతస్తులో చిక్కుకుపోయినవాళ్లను కాపాడేది అదే.

వరద తర్వాత బోరు నీళ్లు, కొళాయి నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి. నమ్మొద్దు. బాగా మరిగించండి, లేదా క్లోరిన్ మాత్ర వేయండి. మాత్ర ఎన్ని లీటర్లకో ప్యాకెట్ మీద రాసుంటుంది, అంతకే వేసి అరగంట ఆగి తాగండి.

తిండికి బియ్యం పెట్టకండి. నిప్పు లేకుండా బియ్యంతో ఏం చేస్తాం? మన దగ్గరే ఉన్నాయి కదా మంచివి: బొరుగులు, వేయించిన చెనక్కాయలు, పుట్నాలు, బెల్లం. పొలానికి సద్దిమూట కట్టుకుపోయినవాళ్లకు నేను తిండి సంగతి చెప్పేదేముంది. గాలి పోని డబ్బాలో పోసి మూత బిగించండి, లేకపోతే వానకాలంలో బొరుగులు మెత్తబడతాయి. పిల్లలకు రెండు బిస్కెట్ ప్యాకెట్లు. పాలు తాగే బిడ్డ ఉంటే తల్లిపాలే మేలు, మురికి నీళ్లలో పాలపొడి కలపొద్దు. ఇంకోటి, వక్కాకు వేసుకునే అవ్వలు నాలుగు వక్కలు వేసుకోండి. నవ్వకండి. 2021లో మిద్దె మీద మా పక్కింటి అవ్వ అన్నం అడగలేదు, వక్కాకే అడిగింది.

వెలుతురు, ఫోను, డబ్బు

టార్చి ఒకటి, దానికి బ్యాటరీలు విడిగా. బ్యాటరీలు లోపలే పెట్టి నెలల తరబడి వదిలేస్తే కారిపోయి టార్చి చెడుతుంది. కొవ్వొత్తి రెండో మాట, గ్యాసు వాసన వస్తుంటే అసలు వెలిగించొద్దు. ఇంట్లో పాత బటన్ ఫోను మూలన పడుంటే పారేయకండి. ఒకసారి చార్జింగ్ పెడితే మూడు నాలుగు రోజులు వస్తుంది. పవర్ బ్యాంకు ఉంటే మంచిదే, కానీ దానికి ముందే చార్జింగ్ ఉండాలి కదా.

మన ఫోనులో నంబర్లు ఉన్నాయి, మన తలలో లేవు. భార్య నంబరు కూడా చూడకుండా చెప్పలేని మగవాళ్లు ఈ సభలో ఉన్నారు, చేతులెత్తమని అడగను. ఐదు నంబర్లు కాగితం మీద బాల్‌పెన్నుతో రాసి కవరులో పెట్టండి. చిన్నపిల్లల జేబులో కూడా పేరు, ఊరు, తండ్రి నంబరు రాసిన చీటీ పెట్టండి.

డబ్బు చిల్లరగా ఉండాలి. పది, ఇరవై, యాభై, వంద నోట్లు కలిపి వెయ్యి రూపాయల దాకా వీలైతే మంచిది. సిగ్నల్ లేని రోజు ఫోన్‌పే పనిచేయదు, ఆటో అతని దగ్గర ఐదు వందలకు చిల్లర ఉండదు.

తర్వాత బట్టలు ఒక జత, పలచటి దుప్పటి ఒకటి, సబ్బు, ఆడవాళ్లకు ప్యాడ్లో మెత్తటి పాతగుడ్డలో, విజిల్ ఒకటి. విజిల్ ఎందుకంటే మిద్దె మీద నుంచి గంటసేపు అరిస్తే గొంతు పోతుంది, విజిల్ పోదు. కళ్లద్దాలు, చేతికర్ర వాడేవాళ్లు వాటిని సంచి మేకుకే తగిలించి పడుకోండి. తాడు, టార్పాలిన్ ప్రతి ఇంటికీ అక్కర్లేదు. సంఘంలో పది మంది కలిసి ఒకటి కొని, వీధిలో ఎత్తయిన ఇంట్లో పెట్టుకోండి. ఈసారి సంఘం మీటింగులో ఇది మాట్లాడుకోండి. ఒంటరిగా ఉండే అవ్వాతాతల తలుపు ఎవరు తట్టాలో కూడా పేరుపేరునా అదే రోజు రాసుకోండి. సంచి కట్టుకునే ఓపిక లేనివాళ్లకే ఆ సంచి ఎక్కువ అవసరం.

పశువులు

పాడి ఆవు లేని పల్లె మన జిల్లాల్లో తక్కువ. చాలామంది ఆవును వదల్లేకే ఆగిపోతారు, అది నాకు తెలుసు. ఇల్లు వదిలే పరిస్థితి వస్తే పలుపుతాడు విప్పేయండి. కట్టేసిన ఆవు కట్టేసిన చోటే మునిగిపోతుంది, విప్పిన ఆవు మెరకకు పోతుంది. చెవిపోగు నంబరు కనపడేలా ఆవు ఫోటో ముందే తీసి ఉంచుకోండి. బీమా ఉన్నా, నష్టపరిహారం లెక్క రాసినా మొదట అడిగేది ఆ నంబరే.

సంచి దించే రోజు

వాతావరణ శాఖ హెచ్చరికలకు రంగులు ఉంటాయి. పసుపు అంటే వార్తలు చూస్తూ ఉండండి. నారింజ అంటే ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని, అసలు కాగితాలు కవరులో వేసుకుని సిద్ధంగా ఉండండి. ఎరుపు వచ్చిందంటే సంచి మేకు మీద నుంచి దించి వాకిట్లో పెట్టాల్సిందే. ఈ మధ్య ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా మోగి హెచ్చరిక చదువుతాయి, అది వైరస్ కాదు, ఆపేయకండి. దీంతోపాటు మన పాత గుర్తులు కూడా చూసుకోండి. చెరువు మొరవ పోతుంటే మామూలే. కట్ట అడుగున, తూము పక్కన, ఎప్పుడూ లేని చోట నీళ్లు ఊరుతూ మట్టితో కలిసి ఎర్రగా వస్తుంటే అది మామూలు కాదు. వెంటనే సచివాలయానికి చెప్పండి, కట్ట కింద ఉన్నవాళ్లు లేచి పొండి.

పోయే ముందు రెండే పనులు: మెయిన్ స్విచ్ ఆపండి, గ్యాసు రెగ్యులేటర్ కట్టేయండి. స్విచ్చు బోర్డు దగ్గరికి ఇప్పటికే నీళ్లొచ్చుంటే తాకొద్దు, 1912కు ఫోను చేయండి. పారే నీళ్లలోకి బండి దించొద్దు. మోకాలి లోతు కూడా లేని ప్రవాహం మనిషిని పడేస్తుంది, అడుగు లోతు నీళ్లు కారును తోసేస్తాయి. 2021 అక్టోబరులో తిరుపతి వెస్ట్ చర్చి దగ్గర రైలు కింది దారిలో వాననీటిలో బండి చిక్కుకుని దేవుడి దర్శనానికి వచ్చిన కొత్త పెళ్లికూతురు చనిపోయింది. వంకలు, కాజ్‌వేలు, రైలు కింది దారులు దాటే తొందరే మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీస్తోంది.

తిరిగి ఇంటికొచ్చాక

ముందు కర్రతో తట్టి చూసుకుంటూ లోపలికి పోండి. వరద నీళ్లతో పాములు ఇళ్లలోకి చేరతాయి, మంచం మీద, బియ్యం గోతాల మధ్య ముడుచుకుని ఉంటాయి. కాటు పడితే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలు కదలకుండా పెట్టి 108కి చెప్పండి. పాముకాటుకు మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటుంది.

కాగితాలు తడిసిపోయుంటే ఎండలో వేయొద్దు, ఇస్త్రీ చేయొద్దు. నేను ఆ రెండూ చేశాను, అక్షరాలు పోయాయి, కాగితం పెళుసై విరిగింది. ముద్దగా అంటుకున్నవాటిని లాగకుండా, నీడలో పొడి గుడ్డ మీద పరిచి, గుడ్డలు మారుస్తూ ఫ్యాను గాలికి ఆరనివ్వండి. సగం ఆరాక అవే ఊడొస్తాయి. ఇల్లు కడిగే ముందు గోడ మీద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఆ గీత కనపడేలా ఫోటోలు తీయండి. నష్టం రాసుకోవడానికి వచ్చేవాళ్లకు కడిగిన ఇల్లు చూపిస్తే ఏం రాసుకుంటారు?

నెల మొదట్లో పింఛను వచ్చిన రోజు సంచి దించి ఒకసారి చూసుకోండి. మాత్రల తేదీ, బొరుగులు మెత్తబడ్డాయా, టార్చి వెలుగుతుందా, నీళ్ల బాటిల్ మార్చాలా. పది నిమిషాల పని. పింఛను లేని ఇళ్లవాళ్లు అమావాస్య పెట్టుకోండి, ఏదో ఒకటి గుర్తుండే రోజు.

కాగితం మీద రాసుకోవాల్సిన నంబర్లు చెప్తున్నాను, పెన్నులు తీయండి. ఏ ఆపదకైనా 112. అంబులెన్సు 108. రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూము 1070, జిల్లాది 1077. కరెంటు 1912. ఆరోది మీ సచివాలయం ఉద్యోగి నంబరు, అది మీ ఊరిని బట్టి మారుతుంది, బయటికి పోయేటప్పుడు బల్ల దగ్గర అడిగి రాయించుకుని పొండి.